స్కానింగ్ గదిలో చేతి పనితనం

శబ్ద తరంగాలను ఒంట్లోకి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులతో లోపలి అవయవాల బొమ్మ తీసే విద్య సోనోగ్రఫీ. ఆ పని చేసేవారు సోనోగ్రాఫర్లు. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో గానీ, ఆ చుట్టుపక్కల పల్లెల్లో గానీ ఈ మాట పెద్దగా వినపడదు. ‘స్కానింగ్‌కు రాసిచ్చినారు’, ‘స్కానింగ్‌లో రాయి కనపడింది’ అంటారు. ఆ మాటల్లో యంత్రం ఉంది, రిపోర్టు ఉంది. యంత్రాన్ని పట్టుకున్న మనిషి మాత్రం లేడు. నిజానికి ఈ పరీక్షలో సగానికి పైగా ఆ మనిషే.

ఎక్స్‌రేకు రోగిని సరిగ్గా నిలబెట్టి మీట నొక్కితే బొమ్మ వస్తుంది. సీటీ స్కానర్ తాను తిరుగుతూ ఒంటిని పొరలు పొరలుగా పూర్తిగా తీసి పెడుతుంది. ఒక డాక్టరు ఒకటి గమనించకపోతే మరో డాక్టరు రేపు అదే ఫిల్ములో దాన్ని పట్టుకోవచ్చు. అల్ట్రాసౌండ్‌లో ఆ వెసులుబాటు చాలా తక్కువ. చేతిలోని ప్రోబ్ ఏ కోణంలో వంగితే ఆ పలుచటి పొర ఒక్కటే తెర మీదికి వస్తుంది. చెయ్యి పోని చోట బొమ్మ లేదు. తియ్యని బొమ్మను ఎంత పెద్ద నిపుణుడైనా తర్వాత చదవలేడు.

ఈ మాట బంగారుపాళ్యం ప్రాంతానికి బాగా వర్తిస్తుంది. చిత్తూరు–బెంగళూరు రహదారి మీద, మామిడి మార్కెట్టుకు పేరున్న ఊరిది. పెద్ద పరీక్ష అవసరమైతే సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలోని చిత్తూరుకో, ఇంకా దూరం తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులకో, సరిహద్దు దాటి వేలూరు సీఎంసీకో వెళ్తారు. పక్కనున్న తవణంపల్లె మండలంలో అరగొండ ఉంది. అపోలో ఆసుపత్రుల స్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంతూరది. అక్కడి ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా పట్నం నిపుణులతో కలిపే టెలిమెడిసిన్ వ్యవస్థను 2000 మార్చి 24న హైదరాబాదుకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లెలో తీసిన స్కాన్ బొమ్మ క్షణాల్లో మహానగరంలోని డాక్టరు కళ్ళ ముందుకు పోగలదని ఈ నేల పాతికేళ్ళ కిందటే చూసింది. అయితే ఉపగ్రహం మోసుకుపోయేది ఇక్కడి చెయ్యి తీసిన బొమ్మనే.

ఆ చేతిలో ఉండేది సబ్బుబిళ్ళంత ప్రోబ్. దాని కొసన ఉన్న పదార్థానికి కరెంటు తగిలితే అది కంపిస్తుంది. తరంగం వచ్చి తాకితే తిరిగి కరెంటు పుట్టిస్తుంది. ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల వరకే వినగలదు. స్కానింగ్‌లో వాడేవి సుమారు 20 లక్షల నుంచి కోటిన్నర దాకా. మెత్తటి కండరంలో, కాలేయంలో ఈ తరంగం సెకనుకు 1540 మీటర్ల వేగంతో పోతుందని యంత్రం లెక్క వేసుకుంటుంది. పది సెంటీమీటర్ల లోతు దాకా వెళ్ళి తిరిగి రావడానికి పట్టే కాలం 130 మైక్రోసెకన్లు. ఎంతసేపటికి తిరిగొచ్చిందన్న దాన్నిబట్టి లోతు, ఎంత బలంగా తిరిగొచ్చిందన్న దాన్నిబట్టి తెలుపు నలుపుల గాఢత తెర మీద పడతాయి.

సోనోగ్రాఫర్ తొలి నైపుణ్యం ఇక్కడే మొదలవుతుంది. కంపనాలు పెరిగితే బొమ్మ నాజూకుగా వస్తుంది గానీ తరంగం లోతుకు పోకముందే ఆరిపోతుంది. తగ్గిస్తే లోతుకు పోతుంది, సన్న వివరం పోతుంది. అందుకే మెడలోని థైరాయిడ్‌కు, రొమ్ముకు, చర్మం కిందే ఉండే రక్తనాళాలకు చదునైన ప్రోబ్‌తో 70 లక్షలకు పైబడిన కంపనాలు వాడతారు. పొట్టకు వంపు తిరిగిన ప్రోబ్‌తో 20 నుంచి 50 లక్షలు చాలు. గుండెకు మరో రకం కావాలి, ఎందుకంటే పక్కటెముకల మధ్య సందు ఇరుకు. బక్కపలుచని కూలీకి కుదిరిన అమరిక భారీకాయుడికి కుదరదు. మనిషి మారినప్పుడల్లా లోతు, ఫోకస్, ప్రతిధ్వనిని పెంచే మీట అన్నీ మార్చుకోవాలి. ఆ మీటను ఎక్కువ తిప్పితే స్వచ్ఛమైన నీటి తిత్తి కూడా గడ్డలా కనిపిస్తుంది. తక్కువ తిప్పితే గడ్డ నీటి తిత్తిలా మోసం చేస్తుంది.

పొట్ట మీద పూసే చల్లటి జెల్ గురించి రోగులు తరచుగా అడుగుతారు. అది మందు కాదు. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య గాలి పొర ఉంటే దాదాపు తరంగమంతా అక్కడే వెనక్కి తిరుగుతుంది, లోపలికి ఏమీ పోదు. జెల్ ఆ గాలిని తప్పిస్తుంది. పేగుల్లో గ్యాసు నిండితే వెనకున్న క్లోమం కనపడకపోవడానికీ కారణం ఇదే. ఎముక కూడా తరంగాన్ని అడ్డుకుంటుంది.

శబ్దంతో జబ్బును చూడవచ్చన్న ఆలోచన ఓడలూ కర్మాగారాల నుంచి ఆసుపత్రికి వచ్చింది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు ఇయన్ డొనాల్డ్, ఇనుప రేకుల్లో పగుళ్ళను పట్టే యంత్రాన్ని 1955లో ఆపరేషన్‌లో తీసిన గడ్డల మీద ప్రయోగించి చూశారు. తర్వాత ఇంజనీరు టామ్ బ్రౌన్, డాక్టర్ జాన్ మెక్‌వికర్‌లతో కలిసి పనిచేశారు. కడుపులో నయం కాని క్యాన్సర్ ఉందని పెద్ద డాక్టర్లు చేతులెత్తేసిన ఒక స్త్రీని ఈ యంత్రంతో చూస్తే, అది అండాశయంలోని పెద్ద నీటి తిత్తి అని తేలింది. తీసేశారు, ఆమె బతికింది. 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో ముగ్గురి పేర్లతో వ్యాసం వచ్చింది. ప్రసూతి వైద్యంలో స్కానింగ్ యుగం మొదలైంది అక్కడే. ఇక వృత్తిగా సోనోగ్రఫీకి అమెరికాలో రూపం వచ్చింది. అక్కడ పరీక్ష పెట్టి సోనోగ్రాఫర్లను నమోదు చేసే సంస్థ 1975లో ఏర్పడింది.

స్కానింగ్ బల్ల దగ్గర పని యంత్రం కంటే ముందు మాటలతో మొదలవుతుంది. పేరు, వయసు, డాక్టరు రాసిన చీటీ సరిచూసుకోవాలి. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఇదివరకు ఆపరేషన్ ఏదైనా జరిగిందా అని అడగాలి. పిత్తాశయం తీసేసిన మనిషిలో పిత్తాశయం కోసం వెతికి కాలం పోగొట్టుకోకుండా ఈ ప్రశ్న కాపాడుతుంది. తర్వాత ముందస్తు ఏర్పాట్లు. పిత్తాశయం చూడాలంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రావాలి. తింటే అది ముడుచుకుపోయి, లోపలి రాళ్ళు దాక్కుంటాయి. గర్భసంచిని పొట్ట మీదుగా చూడాలంటే మూత్రాశయం నిండుగా ఉండాలి. నిండిన మూత్రాశయం పేగుల్ని పైకి తోసి, తరంగానికి కిటికీలా పనికొస్తుంది. ‘నీళ్ళు తాగి కూర్చోండి’ అని వరండాలో చెప్పే మాట వెనక ఇంత కారణం ఉంది. దాన్ని ఒక్క వాక్యంలో విప్పి చెప్తే, మూడు ఊళ్ళ దూరం నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి విసుక్కోకుండా ఓపిక పడతాడు.

మూడు రాష్ట్రాలు కలిసే ఈ సీమలో భాష కూడా ఒక పనిముట్టే. ‘ఊపిరి పీల్చి బిగబట్టండి’ అన్న మాటను తెలుగులోనూ, తమిళంలోనూ, వీలైతే కన్నడంలోనూ చెప్పగలగాలి. ఊపిరి లోపలికి పీలిస్తే ఉదరవితానం దిగి, కాలేయాన్నీ కిడ్నీలనూ పక్కటెముకల కిందికి తోస్తుంది. ఆ రెండు మూడు క్షణాలే మంచి బొమ్మకు అదను.

ఒక అవయవాన్ని ఒక్క వైపు నుంచి చూసి వదిలెయ్యడం ఈ వృత్తిలో పెద్ద తప్పు. నిలువుగా, అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా పూర్తిగా తుడిచినట్టు చూడాలి. కిడ్నీలో రాయి దొరికిందని సంతోషపడి రెండో కిడ్నీని వదిలేస్తే, పని సగమే అయినట్టు. వేసవి ఎండల్లో చెమటోడ్చి, నీళ్ళు తక్కువ తాగే శ్రమజీవులకు మూత్రపు రాళ్ళ బెడద ఎక్కువ. ఈ ప్రాంతపు స్కానింగ్ గదులకు బాగా తెలిసిన సంగతి. రాయి తెర మీద తెల్లటి చుక్కగా, దాని వెనక నల్లటి నీడతో కనిపిస్తుంది. నీడ ఎందుకంటే తరంగం రాయిని దాటి పోలేదు. నీటి తిత్తి వెనక దీనికి సరిగ్గా వ్యతిరేకం, వెలుగు ఎక్కువగా పడుతుంది. పిత్తాశయంలో తెల్లటి చుక్క రాయా, గోడకు అంటుకున్న కంతా అన్న అనుమానం వస్తే రోగిని పక్కకు తిప్పి పడుకోబెడతారు. రాయైతే జారుతుంది, కంతైతే కదలదు. ఉదరవితానం అద్దంలా పనిచేసి, కాలేయంలో ఉన్న గడ్డను పైన ఊపిరితిత్తిలో కూడా ఉన్నట్టు చూపించే భ్రమ ఇంకొకటి. ఇలాంటి మాయబొమ్మలను గుర్తుపట్టి పక్కన పెట్టడమే చదువుకూ అనుభవానికీ అసలు పరీక్ష.

బంగారుపాళ్యం మండలంలోనే మొగిలి ఘాట్ ఉంది. ఆ మలుపుల్లో లారీలు, బస్సులు ఢీకొన్న ప్రమాదాలు ఎన్నో. అలాంటి చోటు నుంచి తెచ్చిన క్షతగాత్రుడి ఒంటి మీద చిన్న గీత కూడా లేకపోవచ్చు, లోపల మాత్రం ప్లీహం చిట్లి రక్తం కారుతూ ఉండవచ్చు. ‘ఫాస్ట్’ అనే పరీక్ష దీనికోసమే పుట్టింది. నాలుగు చోట్ల ప్రోబ్ పెట్టి చూస్తారు: కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య, ప్లీహం చుట్టూ, మూత్రాశయం వెనక, గుండె చుట్టూ ఉన్న సంచిలో. నల్లటి పట్టీ కనపడితే అది రక్తమన్న అనుమానం. కొద్ది నిమిషాల్లో, రోగిని మంచం మీది నుంచి కదపకుండా తేలిపోయే పరీక్ష. కానీ పొట్టలో కనీసం సుమారు 200 మిల్లీలీటర్ల రక్తం చేరేదాకా అది అంత తేలిగ్గా కనపడదు. మొదటిసారి శుభ్రంగా ఉందని ఊరుకోకూడదు, కాసేపాగి మళ్ళీ చూడాలి. ఎక్కడ చూశారో, ఎన్ని గంటలకు చూశారో రాసిపెట్టాలి. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు ఆ కాగితం రోగితో పాటు వెళ్ళాలి.

గర్భిణి స్కానింగ్ వేరే ప్రపంచం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచన ప్రకారం 24 వారాలు నిండకముందే కనీసం ఒక స్కానింగ్ జరగాలి. అదే ఏడు మన దేశంలో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తారు. మొదటి మూడు నెలల్లో బిడ్డ తల నుంచి పిరుదు దాకా ఉన్న పొడవును కొలుస్తారు. ఆ దశలో బిడ్డలందరూ దాదాపు ఒకే తీరుగా పెరుగుతారు. కాబట్టి నెలలు లెక్కించడానికి ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. 11 నుంచి 14 వారాల మధ్య మెడ వెనక నీటి పొర మందాన్ని చూస్తారు. పదో వంతు మిల్లీమీటరు తేడా కూడా ముఖ్యమైన కొలత అది. 18 నుంచి 22 వారాల మధ్య జనం ‘టిఫ్ఫా’ అని పిలిచే స్కానింగ్ వస్తుంది. తల, మెదడు, ముఖం, గుండె గదులు, వెన్నెముక, కిడ్నీలు, కాళ్ళూ చేతులూ అన్నీ వరసగా చూడాలి. మాయ ఎక్కడ అంటుకుందో, గర్భాశయ ద్వారాన్ని మూస్తోందో లేదో, ఉమ్మనీరు ఎంత ఉందో రాయాలి. ఉమ్మనీటిలో లోతైన గుంట రెండు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మధ్య ఉంటే సరిపోయినట్టు.

ఈ స్కానింగ్‌కు ఆలస్యంగా రావడం ఎందుకు ప్రమాదమో తల్లులకు తెలియాలి. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఆ పైన కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. అది కూడా దాటాక బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు నిర్ణయించాలి. ఏడో నెలలో మొదటిసారి లోపం బయటపడిన కుటుంబానికి దారులు మూసుకుపోతూ ఉంటాయి.

తొలి వారాల్లో బిడ్డ గుండె చప్పుడు కనపడకపోతే గదిలో నిశ్శబ్దం అలముకుంటుంది. తల్లి కళ్ళు తెర మీద ఉండవు, ప్రోబ్ పట్టుకున్న మనిషి ముఖం మీద ఉంటాయి. ఇక్కడ తొందరపడి మాట జారకూడదు. బిడ్డ పొడవు 7 మిల్లీమీటర్లకు లోపుంటే, గుండె కనపడకపోయినా గర్భం పోయిందని తేల్చకూడదన్నది నేటి నియమం. వారం తర్వాత మళ్ళీ చూడాలి. ఇంతకుముందు బ్రిటన్‌లో ఈ హద్దు 6 మిల్లీమీటర్లుగా ఉండేది. కొలతలో మనిషికీ మనిషికీ వచ్చే చిన్న తేడా వల్ల బతికున్న గర్భాన్ని పోగొట్టుకునే ముప్పు ఉందని గ్రహించి, 2011లో అక్కడ దాన్ని పెంచారు. ఒక్క మిల్లీమీటరు కోసం నియమం మార్చుకున్న వృత్తి ఇది.

రక్తప్రవాహాన్ని కొలిచే డాప్లర్‌లోనూ ఇలాంటి సున్నితమే. ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పిన సూత్రం మీద ఇది నడుస్తుంది. రక్తం పోయే దిక్కుకూ తరంగానికీ మధ్య కోణం 60 డిగ్రీలు మించకూడదు. నిజంగా 60 డిగ్రీలున్న చోట 65 అని యంత్రానికి చెప్తే, రక్త వేగం సుమారు 18 శాతం ఎక్కువగా చూపిస్తుంది. అదే 30 దగ్గర అంతే పొరపాటు జరిగితే తేడా ఆరు శాతానికి లోపే. మెడలోని నాళం ఎంత పూడిందో ఈ వేగాన్ని బట్టే నిర్ణయిస్తారు కాబట్టి, చేతి వంపులో ఐదు డిగ్రీల అశ్రద్ధ ఒక మనిషిని అనవసరంగా ఆపరేషన్ దాకా నడిపించగలదు.

ఇంత పని ఎవరు చెయ్యాలన్న ప్రశ్నకు దేశానికో జవాబు ఉంది. అమెరికాలో, బ్రిటన్‌లో డాక్టరు కాని సోనోగ్రాఫరే బొమ్మలు తీస్తారు. మన దేశంలో గర్భిణి స్కానింగ్‌ను చట్టం డాక్టర్లకే పరిమితం చేసింది: రేడియాలజీలో పీజీ చేసినవారు, లేదా నిర్ణీత అర్హత, 2014 నిబంధనల ప్రకారం ఆరునెలల శిక్షణ ఉన్న ఎంబీబీఎస్‌లు. వీరిని సోనాలజిస్టులంటారు. గుండె ఎకో తీసే టెక్నీషియన్ల రూపంలో మాత్రం డాక్టరు కాని సోనోగ్రాఫర్లు మన ఆసుపత్రుల్లో ఎప్పటి నుంచో ఉన్నారు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం షెడ్యూలులో డయాగ్నస్టిక్ మెడికల్ సోనోగ్రాఫర్ పేరు చేరింది. వృత్తికి పేరు దొరికింది. పల్లెలకు దగ్గరలో దానికి తగిన శిక్షణ ఇంకా విరివిగా రావాల్సి ఉంది.

డాక్టర్లకే పరిమితం చెయ్యడానికి కారణం ఆడపిల్లల లెక్క. దేశంలో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యి మంది ఉంటే, ఆడపిల్లలు 1991 జనాభా లెక్కల్లో 945, 2001లో 927. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చి, 1996 జనవరి 1 నుంచి అమలైంది. 2003లో మరింత గట్టిపడింది. ప్రతి యంత్రం, ప్రతి కేంద్రం నమోదు కావాలి. నమోదు ఐదేళ్ళకే చెల్లుతుంది. ప్రతి గర్భిణికీ ‘ఫారం ఎఫ్’ నింపాలి, రెండేళ్ళు భద్రపరచాలి, నెలనెలా 5వ తేదీలోగా అధికారులకు నివేదిక పంపాలి. ఆడా మగా అన్నది మాటతో గానీ, సైగతో గానీ, మరే విధంగా గానీ చెప్పకూడదు. మొదటి తప్పుకే మూడేళ్ళ దాకా జైలు, జరిమానా ఉంటాయి. ఫారం నింపడంలో లోపాన్ని గుమస్తా పొరపాటుగా కొట్టిపారెయ్యలేమని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నిర్ణయం సరైనదే. నేరానికి సాక్ష్యం మిగిలే చోటు ఆ కాగితం ఒక్కటే.

అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రేలాంటి రేడియేషన్ లేదు. అయినా తరంగం కండరాన్ని కాస్త వేడి చేస్తుంది. అందుకే అవసరమైనంత శక్తినే, అవసరమైనంతసేపే వాడాలన్నది నియమం. తొలి నెలల్లో బిడ్డ గుండెను డాప్లర్ శబ్దంతో వినిపించడం కంటే, కదలికను గీతగా చూపే పద్ధతిలో లెక్కించడం మేలు. ప్రతి రోగి తర్వాత ప్రోబ్‌ను శుభ్రం చెయ్యాలి. లోపలి నుంచి చేసే పరీక్షకు తొడుగు వాడాలి, ఆ తర్వాత కూడా ప్రోబ్‌ను గట్టి క్రిమినాశకంతో శుద్ధి చెయ్యాలి. స్త్రీ రోగికి ఆ పరీక్ష ఎందుకో చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. గదిలో తోడుగా మరో స్త్రీ ఉండాలి.

ఈ పని చేసేవారి ఒళ్ళు కూడా అరుగుతుంది. రోజంతా చెయ్యి చాపి, మెడ తిప్పి, మణికట్టును నొక్కి పట్టడం వల్ల భుజం నొప్పులు పట్టుకుంటాయి. అమెరికా సర్వేల్లో పది మంది సోనోగ్రాఫర్లలో ఎనిమిది మందికి పైగా నొప్పితోనే పనిచేస్తున్నామని చెప్పారు. బల్లను ఎత్తుకు తగ్గట్టు పెంచుకోవడం, రోగిని దగ్గరికి జరుపుకోవడం, మధ్యలో చేతికి విశ్రాంతి ఇవ్వడం ఈ చదువులో భాగమే.

బంగారుపాళ్యం నుంచి స్కానింగ్‌కు బయల్దేరే ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా గర్భిణులు, పాత రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకుని వెళ్ళాలి. మొదటి మూడు నెలల స్కానింగ్‌లో తేలిన కాన్పు తేదీని తర్వాతి స్కానింగ్‌లను బట్టి మార్చరు. ఆ తొలి కాగితం ఎదురుగా లేకపోతే, ఎనిమిదో నెలలో చిన్నగా కనిపించిన బిడ్డ నిజంగా ఎదగడం లేదో, నెలల లెక్కే తప్పిందో ఎంత నేర్పున్న చెయ్యి అయినా చెప్పలేదు.